మూడో మెట్టు ముఠా

"నేరం ఏ సందులో దూరినా, దాని తోక మాత్రం నా చేతిలోనే ఉంటుంది" అని ప్రకటించాడు ప్యో దొక్సూ.

కొరియాలోని బుసాన్ నగరపు కొండవాడలో ఆయనకు లాండ్రీ ఉంది. ఇంతవరకు ఆయన పరిశోధించిన కేసులన్నీ జత తప్పిన సాక్సులవే. ఒక్కటీ తేలలేదు.

పక్క దుకాణంలో చేపముద్దలు ఉడికించే కూ సాంగ్‌థే ఆ ప్రకటన పట్టించుకోలేదు. ఫోన్లో వచ్చిన మెసేజీని పైకి చదువుతున్నాడు.

"నాన్నా, నేను నారేని. నా ఫోన్ పాడైంది, ఇది స్నేహితురాలి నంబరు. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి నీ సమ్మతి కావాలి. ఆరింటితో గడువు అయిపోతుంది. ఈ లింకు నొక్కు. వాళ్ల లెక్కలో మన ఆదాయం కింది నుంచి మూడో మెట్టులోకే వస్తుంది, ఫీజు దాదాపు అంతా వాళ్లే కడతారు."

దొక్సూ పెదవి విరిచాడు. "పాడైన ఫోను, కొత్త నంబరు, లింకు! మోసగాళ్లు రోజూ వల్లించే మంత్రమే కదటయ్యా ఇది!"

"నిజంగా మా అమ్మాయే అయితే? స్కాలర్‌షిప్ రాకపోతే ఈ టర్ముతో దాని చదువు ఆగిపోతుందన్నా. నా సంపాదనతో కట్టగలనా?"

"నీ మెత్తదనమే వాళ్ల పెట్టుబడి తమ్ముడూ. చూశావా, ఆదాయం, మూడో మెట్టు! అంటే దోపిడీ సొమ్ము మూడో మెట్టు మీద చేతులు మారుతుందన్నమాట."

వీధి చివర కొండమెట్ల దగ్గరికి పరుగెత్తాడు. మూడో మెట్టు మీద నల్లపిల్లి నిద్రపోతోంది. దాన్ని ప్రశ్నించబోయాడు, చేయి గీరించుకుని వచ్చాడు.

"అది నోరు విప్పలేదు. గట్టి శిక్షణే ఇచ్చారు."

సాంగ్‌థే కూతురి పాత నంబరుకు చేశాడు. స్విచాఫ్. ఈలోగా కొత్త నంబరు నుంచే ఫోనొచ్చింది. దొక్సూ లాక్కున్నాడు.

"నీ ఆట కట్టు! నువ్వెవరో నాకు తెలుసు."

"ప్యో పెదనాన్నా! నేనే, నారేని! నాన్నకివ్వండి, టైమైపోతోంది!"

దొక్సూ టక్కున పెట్టేశాడు. మొహం పాలిపోయింది. "నా పేరు కూడా తెలుసు. ఇది అంతర్జాతీయ ముఠా."

"అన్నా, అది నారే గొంతే!"

"ఈ రోజుల్లో గొంతులు మిషన్లో తయారవుతున్నాయి. ఇక ఒకటే దారి. శత్రువు కోటలోకి దూకుతున్నాను." సాంగ్‌థే ఆపేలోపే లింకు నొక్కేశాడు. కళ్లజోడు లాండ్రీలో మరిచిపోయాడు గనుక తెర మీది అక్షరాలు తోచినట్టు చదువుకున్నాడు. "ముఖం చూపించండి" అని ఉంటే, "ముఖం చూపిస్తారట! ఎంత పొగరో!" అన్నాడు.

ఫోన్ను సాంగ్‌థే ముందు పట్టుకుని పక్కనుంచి తొంగి చూశాడు. తెర మీద ఒక ముఖం కనబడింది.

"వీడే నాయకుడు! ఆ చూపు చూడు, కరుడుగట్టిన నేరస్థుడిది. గుర్తుపట్టగలవా?"

పులుసు ఆవిరికి సాంగ్‌థే కళ్లద్దాలు మసకబారి ఉన్నాయి. వాటిని తీసేసి తెరకు దగ్గరగా వంగాడు. కళ్లద్దాలు లేకపోతే అతనికి మనిషెవరో పోల్చడం కష్టం.

"ఎక్కడో చూసినట్టే ఉందన్నా. పాపం, సరిగ్గా నిద్ర లేనివాడిలా ఉన్నాడు."

"జాలిపడకు! కళ్లార్పు, వాడూ ఆర్పుతాడేమో చూద్దాం."

సాంగ్‌థే ఆర్పాడు. వాడూ ఆర్పాడు. ఫోను టింగుమంది.

"గుర్తింపు సరిపోయింది. మీ సమ్మతి నమోదైంది."

"సరిపోయిందట!" దొక్సూ గర్జించాడు. "దొరికాడు!"

మరుక్షణమే ఫోను మోగింది. ఈసారి సాంగ్‌థే ఇవ్వలేదు, రెండు చేతులా పట్టుకున్నాడు.

"నాన్నా, అయిపోయింది! సమ్మతి పడింది!" అవతల ఏడుపు, నవ్వు కలిసిపోయాయి. "చదువు ఆగదు నాన్నా."

"నువ్వు నిజంగా నా కూతురివేనా తల్లీ?"

"ఇప్పుడా అడిగేది? ఇందాకటినుంచి గొంతు చించుకుంటుంటే! అన్నం తిన్నావా లేదా ముందు అది చెప్పు!"

ఆ కసురు ఏ మిషనూ తయారు చేయగలిగేది కాదు. సాంగ్‌థేకు కన్నీళ్లు ఆగలేదు. తిన్నానని అబద్ధమాడి ఫోను పెట్టేశాడు.

దొక్సూ గడ్డం గోక్కున్నాడు. "సరే, ఆ పిల్ల నారేనే అనుకుందాం. మరి ఇందాక ఫోన్లో కనబడ్డ ఆ దుర్మార్గుడెవడు?"

సాంగ్‌థే కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు.

"ఆ పిల్ల తండ్రి."