నలభై తలలు కావాలి

ఆ ఉదయానికి, నది దాటించే స్టీమరును నడిపే సరంగు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది గంటల ట్రిప్పుకు పై ఆఫీసు నుంచి అధికారి వచ్చి తలలు లెక్కపెడతాడు. నలభైకి తగ్గితే స్టీమరు తుక్కుకి పోతుంది, పదకొండు మంది పనివాళ్లు ఇంటికి పోతారు. రోజూ ఎక్కేది పన్నెండు మంది. కుర్చీలో కూర్చుని బతుకులు కొట్టేసేవాళ్లకి కావలసింది అంకె, అంకే పడేద్దాం అనుకున్నాడు సరంగు. పుట్టింటి తరఫు వాళ్లను ఓ ముప్పై మందిని తెమ్మని భార్యకు పురమాయించాడు.

"మావాళ్లు ఊరికే కదలరు. ఏదో ఒకటి చెప్పాలి," అందామె.

ఇదే ఆఖరి ట్రిప్పని అక్కకు చెప్పింది. అక్క తోడికోడలికి చెప్పింది. తోడికోడలు ఎవరికి చెప్పలేదో కనుక్కోవడమే కష్టం. ఎనిమిదికల్లా రేవు కిక్కిరిసిపోయింది.

స్టీమరుకు ముప్పై ఏళ్లుగా ఒక పద్ధతుంది. గట్టు మీద ఒక్కరు పరుగెత్తుతూ కనబడినా కదలదు. ఇంజను డ్రైవరు సరంగుకు సొంత బావమరిది, పద్ధతి తప్పడు. స్టీమరు ఆగి ఉందని జనం పరుగెత్తారు. జనం పరుగెత్తుతున్నారని స్టీమరు ఆగింది. తొమ్మిదయింది. ఆటు వచ్చి నీరు వెనక్కి పోవడంతో స్టీమరు అడుగు బురదలో చతికిలబడింది.

అధికారి ముందుకు రాబోతే ఒక ముసలమ్మ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "వరసలో రా నాయనా. మేమంతా పనిలేక నిలబడ్డామా?"

"బావా, ఆ చివర ఫైలు పట్టుకున్నదెవరు?" అన్నాడు డ్రైవరు.

"మన ఉద్యోగాలు రా అవి," అని సరంగు జనం మీదుగా దూకి పరుగెత్తాడు.

అధికారి ఆరు వందల దగ్గర లెక్క తప్పి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ తప్పాడు. రోజూ ఇంతమందేనా అని అడిగాడు.

సరంగు కళ్లార్పలేదు. "ఇవాళ కాస్త పల్చగా ఉందండీ."

అధికారి అక్కడికక్కడే రాశాడు. ఇంత జనాన్ని ఒక ముసలి స్టీమరుకు వదిలేయడం నేరం, వెంటనే వంతెన కట్టాలి, కట్టగానే స్టీమరు ఎత్తేయాలి. నెల తిరక్కుండా మంజూరైంది. సరంగు ఇంట్లో మూడు రోజులు ఆయనతో భార్య తప్ప ఎవరూ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోయినా బాగుండేది.

పని మొదలైంది. రాళ్లు, ఇనుము, కూలీలు అన్నీ అవతలి గట్టుకు చేరాలి. చేర్చడానికి రేవులో ఉన్నది స్టీమరు ఒక్కటే.

మొదటి స్తంభం నీళ్లలోంచి పైకి కనబడేసరికి పదకొండు మందిలో తొమ్మిది మంది పింఛను పుచ్చుకుంటున్నారు.