నాన్న కారుకు నాగలి

పొద్దున్నే ట్రాక్టరు స్టార్ట్ చేసి, అన్నయ్య వచ్చేసరికి పొలంలో నాలుగు చాళ్లు తోలేసి, చెమట తుడుచుకుంటూ ఎదురెళ్లాలని మెకానిక్ అనుకున్నాడు. అనుకున్నది అనుకున్నట్టు జరిగి చాలాకాలమైంది. పనిచేసే గ్యారేజీ మూతపడింది. అప్పట్నుంచీ ఇంట్లో మాటలు తగ్గి, గిన్నెల చప్పుడు పెరిగింది. మిగిలిందల్లా ఇంటి వెనకాల పొలం. నాన్న పోయాక అదీ అన్నయ్య పేరు మీదే ఉంది. "రేపొస్తున్నా. పొలం సంగతి తేల్చేద్దాం," అని అన్నయ్య ఫోన్ చేసిన రాత్రి ఎవరికీ ముద్ద దిగలేదు.

"బీడు పెట్టామని లాగేసుకోడానికే," అంది భార్య.

"దున్ని చూపిస్తే ఏ మొహం పెట్టుకుని లాక్కుంటాడు?" అన్నాడతను.

ట్రాక్టరంటే కొన్నది కాదు. షెడ్డులో మూలుగుతున్న పాత కారు పైభాగమంతా కోసి పారేసి, చాసిస్ మీద తనే కట్టుకున్నాడు. వెల్డింగు పనంతా బావమరిదిది. మట్టిగడ్డలకు బండి అడుగు తగలకూడదని చెబితే, అతగాడు వెనక చక్రాల యాక్సిల్‌ని బోర్లించి బిగించాడు. బండి జానెడు లేచింది. ఇద్దరూ మురిసిపోయారు. బ్రేకులు మాత్రం ఇంకా కుదర్లేదు. పొలంలో బ్రేకులతో పనేముందని సర్దుకున్నారు.

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. అదే అపశకునమని అతనికి తోచి ఉండాల్సింది. ఫస్ట్ గేరు వేశాడు. బండి వెనక్కి కదిలింది. పొరపాటు పడ్డానేమోనని సెకండు వేశాడు. మరింత జోరుగా వెనక్కే పోయింది. వెనక బిగించిన నాగలి ముందుగా వెళ్లి కోళ్లగూడు కూల్చి, దుప్పట్లు ఆరేసిన తాడును తెంపుకుపోయింది. ఓ తడి దుప్పటి వచ్చి అతని నెత్తిన పడింది.

"ఉతికినవే దొరికాయా మీకు?" అని భార్య అరిచింది.

దుప్పటి లాగి చూసేసరికి ఎదురుగా గేటు దగ్గర అన్నయ్య, చేతిలో సంచీతో.

"ఎక్కడికిరా? నన్ను చూసి పారిపోతున్నావా?"

"నీ దగ్గరికే వస్తున్నా అన్నయ్యా!" అంటూ తమ్ముడు కంగారులో థర్డ్ వేశాడు. అన్నయ్య ఇంకా చిన్నగా కనబడ్డాడు. వెనక గోడ పడిపోయింది.

అన్నయ్య సంచీ పారేసి పరుగందుకున్నాడు. పక్కింటి కాంపౌండరు పళ్లు తోముకుంటూ ఇదంతా చూశాడు. ఆస్తి కోసం అన్న తమ్ముణ్ని తరుముతున్నాడని నోట్లో నురగతోనే వీధంతా చాటాడు. జనం పొలానికి చేరేసరికి నాగలి మట్టిలో కూరుకుపోయి బండి ఆగింది. అన్నయ్య రొప్పుతూ గట్టున కూలబడ్డాడు.

"తోడబుట్టినవాడి కడుపు కొడతావయ్యా?" అని కాంపౌండరు నిలదీశాడు. తలా ఒక మాట అన్నారు. అన్నయ్య తల దించుకుని అన్నీ పడ్డాడు.

"బావా! యాక్సిల్ బోర్లించాంగా, అంతా తలకిందులైంది. రివర్సు వెయ్యి!" అని జనంలోంచి అరిచాడు బావమరిది.

వేశాడు. ట్రాక్టరు మెల్లగా, బుద్ధిగా ముందుకు నడిచింది. వెనకాల నల్లటి చాలు పడింది. గ్యారేజీ మూతపడ్డాక భార్య నవ్వడం అతను చూడటం అదే మొదటిసారి.

చాలు పూర్తయ్యాక అన్నయ్య గట్టు మీంచి లేచాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "లాక్కోడానికి రాలేదురా. పొలం నీ పేరున పెట్టేద్దామనే వచ్చా. నీకు ఇంకేముంది?"

కాంపౌండరు నోరు కడుక్కోవాలని గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

"నాకు మాత్రం నాన్న కారు ఇచ్చెయ్. నా దగ్గర ఆయన గుర్తంటూ ఒక్కటీ లేదు. షెడ్డులోనే ఉందిగా?" అన్నాడు అన్నయ్య.

మొగుడూ పెళ్లాం మొహాలు చూసుకున్నారు. బావమరిదికే నోరు ఆగలేదు. "దాని మీదే కూర్చున్నాడు పెద్ద బావగారూ."

అన్నయ్య దగ్గరికొచ్చాడు. స్టీరింగు మీద నాన్న చుట్టిన నల్ల టేపు ఇంకా ఉంది. లేచిన దాని అంచును బొటనవేలితో అదిమాడు. కోప్పడినా బాగుండుననిపించి తమ్ముడికి ఏడుపొచ్చింది.

"దిగు," అన్నాడు అన్నయ్య.

"బ్రేకుల్లేవు అన్నయ్యా."

"నాన్న ఉన్నప్పుడు మాత్రం పట్టేవా?"

తమ్ముడు దిగగానే అన్నయ్య ఎక్కి, రివర్సు వేసుకుని ముందుకు వెళ్లిపోయాడు. నాగలి విప్పాలని ఎవరికీ తోచలేదు. వీధి పొడుగునా చక్కటి చాలు పడింది.

ఒక్క చాలు పడిన పొలంలో మొగుడూ పెళ్లాం మిగిలారు. ఆకాశం మబ్బు పట్టింది. ఆమె ఇంట్లోకి వెళ్లి రెండు పారలు తెచ్చింది.

"పొలం మనదేగా. పట్టండి," అంది.

పిడి వదులుగా ఉన్న పార అతనికిచ్చింది.