డైమండ్ కార్డు దేశభక్తుడు

"ప్రాణం పోయినా సరే, నేను పర్మినెంట్ రెసిడెంట్‌ని కాను! నా గుండెలో ఒక్క దేశానికే చోటు!"

ఆగస్టు పదిహేనున సింగపూర్‌లోని మా సెంగ్‌కాంగ్ తెలుగు మిత్రమండలి వేదిక మీద కృష్ణప్రసాద్ ఈ భీషణ ప్రతిజ్ఞ చేయగానే హాలు దద్దరిల్లింది. పీఆర్ తీసుకున్నా మన పాస్‌పోర్టు మన దగ్గరే ఉంటుందని అక్కడున్న డెబ్బై మందికీ తెలుసు. అందులో అరవై మంది పీఆర్‌లే! అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కూడా వాళ్ళే. అధ్యక్షులు పరంధామయ్యగారు కళ్ళు తుడుచుకుని శాలువా కప్పారు. సన్మానపత్రం నేను చదివాను. మండలి కార్యదర్శిని కదా, 'భరతమాత ముద్దుబిడ్డ' లాంటి మాటలు నా దగ్గర ఎప్పుడూ స్టాకుంటాయి.

సభ అయ్యాక ఆయన భార్య కాత్యాయని నన్ను పక్కకు పిలిచింది.

"అన్నయ్యగారూ, వచ్చే జూలైలో మా పాప ప్రణవికి ప్రైమరీ వన్, అదే ఒకటో తరగతి రిజిస్ట్రేషన్. స్కూలు మా బ్లాకు ఎదురుగానే ఉంది. సిటిజన్లు, పీఆర్‌లు అందరూ అయ్యాక సీట్లు మిగిలితేనే మాకు. మిగలవు! నేనున్నది ఆయన ఉద్యోగం పాసు మీద, అప్లికేషన్ ఆయనే పెట్టాలి. రెండేళ్ళుగా బతిమాలుతున్నా. మీరైనా చెప్పండి."

ఆవిడ గొంతు వింటే నాకు నిజంగానే జాలేసింది. మర్నాడు కృష్ణప్రసాద్‌ను కాఫీకి తీసుకెళ్ళి అడిగాను.

"నీ దేశభక్తి సరే గానీ, పిల్ల చదువు సంగతేంటయ్యా?"

ఆయన అటూ ఇటూ చూసి, పర్సులో వెంకటేశ్వరస్వామి ఫోటో వెనకనుంచి ఒక కార్డు తీశాడు. తళతళా మెరుస్తోంది. లక్కీ లగూన్ కాసినో, డైమండ్ మెంబరు!

"నీకొక్కడికే చెప్తున్నా బ్రదర్. పీఆర్‌నైతే గేటు దగ్గరే నూట యాభై డాలర్లు కట్టాలి. ఇప్పుడు విదేశీయుణ్ణి కాబట్టి పాస్‌పోర్టు చూపిస్తే చాలు, ఫ్రీ ఎంట్రీ! చేతులారా పోగొట్టుకోమంటావా?"

ఇదన్నమాట భరతమాత కథ!

"ఇంతకీ లోపల ఎంత గెలిచావ్?"

"గెలవడం ఎవడిక్కావాలి? పాయింట్లు బ్రదర్, పాయింట్లు! మనది డబ్బు వ్యవహారం కాదు, రిలేషన్‌షిప్. అక్కడ శర్మిల అని మలేషియా తెలుగమ్మాయి ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడి 'వాంగ కృష్ణప్రసాద్ అంకుల్' అని తమిళంలో రమ్మంటుంది. వన్-నార్త్ ఆఫీసులో పదేళ్ళనుంచి పనిచేస్తున్నా, మా మేనేజరుకి ఇప్పటికీ నా పేరు పలకడం రాదు."

ఆ ఒక్క మాట దగ్గర నాకు నవ్వు రాలేదు.

మొదటి ఏడాది ఆ రిలేషన్‌షిప్ కింద నలుగురికి బఫే, ఒక రాత్రికి హోటల్ గది ఇచ్చారట. రెండో ఏడాది గది పోయి గొడుగొచ్చింది. మూడో ఏడాది బఫే ఒక్కరికే, అదీ మంగళవారం మధ్యాహ్నం మూడింటికీ నాలుగింటికీ మధ్య. దానికోసం మనిషి ఆఫీసుకు పంటినొప్పి అని మెయిలు పెట్టాడు. ఇప్పుడు మిగిలింది సూపు. ఐదొందల పాయింట్లకు వచ్చే సూపుకు రెండు వేల పాయింట్లు అడుగుతున్నారు.

"మరి నీ పాయింట్ల విలువ తగ్గినట్టే కదా!" అన్నాను.

"ఛ ఛ! పాయింటు విలువ తగ్గలేదు బ్రదర్, సూపు విలువ పెరిగింది!"

కాత్యాయనికి ముఖం చూపించలేక కొన్నాళ్ళు వేరే లిఫ్టులో తిరిగాను.

జనవరిలో కాసినోనుంచి ఆయనకొక మెయిలొచ్చింది. 'ప్రియమైన డైమండ్ సభ్యులారా! గేటు దగ్గర రుసుము కట్టి మరీ వచ్చేవారిదే అసలైన విశ్వాసమని మా యాజమాన్యం గుర్తించినది. ఇకపై సిటిజన్లకు, పీఆర్‌లకు నెలకొకసారి ఉచిత చిల్లీ క్రాబ్ విందు. పాస్‌పోర్టు సభ్యులకు మంచినీళ్ళ సీసా.'

"సీసానా? నాకా? డైమండ్‌కి మంచినీళ్ళా?" అని కృష్ణప్రసాద్ నాకు ఫోన్ చేసి గొల్లుమన్నాడు.

ఆ పూటే దరఖాస్తు పెట్టాడు! పెళ్ళాం రెండేళ్ళు మొత్తుకున్నా కదలనివాడు, పీత కోసం రెండు గంటల్లో పద్నాలుగు సర్టిఫికెట్లు స్కాన్ చేశాడు. జూన్‌లో ముగ్గురికీ పీఆర్ వచ్చింది. జూలైలో ప్రణవికి ఎదురు స్కూల్లోనే సీటొచ్చింది. కాత్యాయని ఫ్లోరంతా మైసూర్‌పాక్ పంచింది. "కారణం ఏదైతేనేం అన్నయ్యగారూ, సీటొచ్చింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఈ ఏడు మళ్ళీ ఆగస్టు పదిహేను. మళ్ళీ కృష్ణప్రసాద్‌కే సన్మానం!

"కన్నకూతురి చదువు కోసం ప్రాణంకంటే ప్రియమైన ప్రతిజ్ఞనే వదులుకున్న తండ్రి!" అన్నారు పరంధామయ్యగారు, మళ్ళీ కళ్ళు తుడుచుకుంటూ. నేను పాత సన్మానపత్రంలో 'ముద్దుబిడ్డ' కొట్టేసి 'త్యాగధనుడు' అని దిద్దాను. మిగతాదంతా అలాగే సరిపోయింది.

అధ్యక్షులవారు అంతటితో ఊరుకోవచ్చు కదా! మాట చివర 'లా' తగిలించే ఇక్కడి యాస అప్పటికే అబ్బిన ప్రణవి నోటి దగ్గర మైకు పెట్టారు.

"డాడీ నీకోసం ఎంత త్యాగం చేశారో చెప్పు తల్లీ."

"నాకోసం కాదు లా, అంకుల్! డాడీ పీఆర్ తీసుకుంది కాసినో క్రాబ్ కోసం! బట్ డాడీ వెళ్తే, క్రాబ్ ఆఫర్ ఫినిష్ ఆల్రెడీ లా. వన్ ఫిఫ్టీ కట్టాడు, ఓన్లీ సూప్ ఇచ్చారు. డాడీ ఇంటికొచ్చి ఏడ్చాడు."

కృష్ణప్రసాద్ శాలువాను ముఖం మీదికి లాక్కున్నాడు. కాత్యాయని తల దించుకుంది గానీ, భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. పరంధామయ్యగారు పాపం పరిస్థితి చక్కదిద్దాలనుకున్నారు. మైకును చేత్తో మూసి, కృష్ణప్రసాద్ చెవిలో అడిగారు. మైకు మాత్రం మూతపడలేదు.

"ఏమయ్యా, క్రాబ్ ఎత్తేశారా? ఎప్పుడు? నాకింకా మెసేజ్ రాలేదే!"

హాల్లో అరవై మంది పీఆర్‌లు ఒక్కసారిగా ఫోన్లు తీసి చూసుకున్నారు.

నేను మాత్రం చూసుకోలేదు. పోయిన ఆదివారమే వెళ్ళి కౌంటరు దగ్గర పెద్ద గొడవ పెట్టుకుని వచ్చాను.