కదలకూడని కొబ్బరికాయ

ఆ రోజు పదకొండులోపు బొమ్మ పూర్తిచేసి తీరాలని కామేశ్వరమ్మ తెల్లారుతూనే కొంగు బిగించింది. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, తెనాలిలో డ్రాయింగ్ క్లాసులో చేరితే అయినవాళ్ళంతా నవ్వారు. వెలుగునీడలు కుదరలేదని ఇప్పటికే రెండు బొమ్మలు వెనక్కొచ్చాయి. మూడోదీ తిరిగొస్తే బాపట్ల ఎగ్జిబిషన్‌లో చోటుండదు. జ్ఞానానందం మాస్టారు పన్నెండు గంటల బండికి బొమ్మలన్నీ పట్టుకెళుతున్నారు మరి.

కిటికీ పక్కన బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి, ఇత్తడి చెంబు, పక్కనే కొబ్బరికాయ, ముందు అరటిపళ్ళ హస్తం పెట్టింది. "స్టిల్ లైఫ్ అంటే కదలని వస్తువుల బొమ్మమ్మా. పెట్టింది పెట్టినట్టుండాలి" అని మాస్టారు మరీమరీ చెప్పారు. చెంబూ కాయా గీసేసి, పెన్సిల్ చెక్కుకోవడానికి లోపలికెళ్ళింది. అదే ఆవిడ చేసిన పొరపాటు.

స్నానం చేసి వచ్చిన భర్త గౌరీశంకరం బల్లను చూసి, "హయ్యో, మతిమరుపు మనిషి!" అని కొబ్బరికాయను చెంబు మీద నిలబెట్టి, బొట్టుపెట్టి, అగరొత్తి వెలిగించాడు.

"ఏమండీ! అది పూజ కాదండీ, స్టిల్ లైఫ్!"

"ఏ దేవుడైతే ఏంటే? దణ్ణం పెడితే పోయేదేముంది?" అంటూ ఆయన రేపల్లెలో ఉన్న చెల్లెలు అనుపమకు ఫోన్ చేసి, మీ వదిన కొత్త నోము పట్టిందని చెప్పేశాడు.

తొమ్మిదిన్నరకల్లా అనుపమ చామంతి దండతో రైలు దిగి వచ్చింది. "నోమంటగా పిన్నిగారూ!" అంటూ పక్కింటి రహీమున్నీసా పెరట్లో మల్లెలు కోసుకొచ్చింది. కామేశ్వరమ్మ మాత్రం బల్ల ముందు నుంచి లేవలేదు. కాయ పైకెక్కితే చెరిపి పైన గీసింది. బొట్టు పెడితే బొట్టు దిద్దింది. దండ వేస్తే దండ కూడా వేసింది. "మీరో నేనో తేలిపోవాలివాళ!" అని పళ్ళు నూరింది.

పదింటికి గౌరీశంకరం కొబ్బరికాయ ఠప్పున కొట్టి, అరటిపళ్ళతో సహా ప్రసాదం పంచేశాడు. బల్ల మీద చెంబూ తొక్కలూ మిగిలాయి. ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతలోనే ముప్పయ్యేళ్ళు క్లాసుల్ని అదిలించిన గొంతు లేచింది.

"ఎక్కడివాళ్ళక్కడ కూర్చోండి! కదిలారంటే ఊరుకోను!"

నోట్లో కొబ్బరిముక్కలతో ముగ్గురూ బిగుసుకుపోయారు. ఆవిడ వాళ్ళనే గీసుకుని క్లాసుకు పరుగెత్తింది.

మాస్టారు బొమ్మను వెలుగులోకి తిప్పి చూశారు. "స్టిల్ లైఫ్ అన్నానమ్మా. ఇందులో అందరూ నములుతున్నారు!"

కామేశ్వరమ్మ బొమ్మ వెనక్కి తీసుకోబోయింది.

"మనుషుల్ని కూర్చి వేసే ఇలాంటి బొమ్మను ఫిగర్ కంపోజిషన్ అంటారు. వచ్చే ఏడు చెప్పాల్సిన పాఠం. వెలుగునీడలు కూడా భేషుగ్గా కుదిరాయి. బాపట్లకు ఇదే వెళుతుంది. స్టిల్ లైఫ్ మాత్రం మీకింకా రాలేదు, రేపు వేసుకురండి" అన్నారాయన.

మర్నాడు ఆవిడ ఎవరూ దణ్ణం పెట్టని వస్తువు కోసం వెతికి వెతికి, గౌరీశంకరం పాత చెప్పులు కిటికీ పక్కన పెట్టి, పెన్సిల్ చెక్కుకోవడానికి లోపలికెళ్ళింది. ఆయన వాటిని తొడుక్కుని రేపల్లె బండెక్కాడు.