పరివర్తన మగ్గం

జైళ్లు ఇక జైళ్లు కావని మన మంత్రిగారు అసెంబ్లీల ప్రకటించిండ్రు. ఇగ నుంచి వాటిని పరివర్తన మందిరాలు అనాలె. పిల్లకు బువ్వ తినిపిచ్చుకుంట నేను ఆ చర్చంత ఫోన్ల చూసిన. తొమ్మిదో తరగతిల చదువు ఆగిపోయిన నాకు గూడ సమజయ్యేటట్టు మాట్లాడిండ్రంటే, ఆయన ఎంత గొప్పోడో మీరే చూడుండ్రి.

"బడులకు పైకప్పులు లెవ్వు, ఖైదీలకు కరెంటు మగ్గమా? ప్రజల సొమ్ము గిట్ల తగలేస్తరా?" అని ఎదురు పార్టీ ఆయన లేసిండు.

"బడిల హాజరు సగం. జైల్ల నూటికి నూరు. సొమ్ము యాడ వృథా కాదో సభ్యులే చెప్పాలె" అన్నరు మంత్రిగారు. "తెల్లోడు ఖైదీలతోని రాళ్లు కొట్టిచ్చిండు. మేం బట్ట నేయిస్తం. స్వాతంత్ర్యమంటే గిదే!"

బల్లలు మోగినయి. ఎదురు పార్టీ ఆయన గూడ చరిసిండు. అలవాటు, పాపం.

అసొంటి మందిరంల మా ఆయన ఉమాకాంత్‌కు జాగ దొరికింది. రేటు పెంచుమని మగ్గాలోళ్లందరు సేఠ్ ముంగట నిలబడ్డనాడు ఎవలో కుర్చీ ఇరగ్గొట్టిండ్రు. ఇరిగిన కుర్చీకి దగ్గర్ల ఉన్నది ఈయన. మంగళారం బెయిలొచ్చింది. కాయితం జైలుకు చేరింది. రుచితను సంకనేసుకొని నేనూ చేరిన. పిల్లకు ఇంక రెండేండ్లు నిండలే, నాయిన మొకం మరిచిపోతదేమోనని నా భయం.

జైలర్ సాబ్ చాయ్ తెప్పిచ్చిండు. ఖైదీల ఇంటోళ్లకు చాయ్ పోసుడు గూడ రిఫార్మేనట.

"బెహన్, శనివారం మంత్రిగారు మగ్గం ఓపెనింగ్ చేస్తరు. లోపల దొంగలున్నరు, చీటీలు ఎగ్గొట్టినోళ్లున్నరు, ఒక ఇంజనీరు గూడ ఉన్నడు. మగ్గం నడిపేటోడు మాత్రం నీ భర్త ఒక్కడే."

"మరి బెయిలొచ్చింది గద సాబ్?"

"వచ్చింది. యాడికి పోతది? భద్రంగ బీరువాల పెట్టినం."

శనివారం నన్ను ముందు వరుసల కూసోబెట్టిండ్రు. మంత్రిగారు బటన్ ఒత్తిండ్రు. మగ్గం దడదడ మొదలైంది. మంత్రిగారు గూడ మొదలైండ్రు. పెదాలు కదులుతున్నయి, మాట మాత్రం ఒక్కటి ఇనబడ్తలేదు. అధికారి ఉరికొచ్చి మగ్గం ఆపిచ్చిండు. "ఆగిన మగ్గంతోని ఫొటో యెట్ల?" అని పేపరోళ్లు మొత్తుకున్నరు. మళ్ల నడిపిచ్చిండ్రు. మళ్ల మాట పోయింది. ఆఖరుకు పెద్దలంత కూడి ఒక ఫైసలా చేసిండ్రు: మగ్గం ఆగి ఉంటది, కారీగర్ పని చేస్తనే ఉంటడు.

నడువని మగ్గం మీద మా ఆయన చేతులు ఆడిచ్చిండు. "నానా!" అని రుచిత కేకేసింది. ఆయన చెయ్యి ఆగింది. "కామ్ చాలూ రఖో!" అన్నడు జైలర్ సాబ్. చెయ్యి మళ్ల కదిలింది.

"ఈ సోదరుని మొకంల పరివర్తన చూడుండ్రి!" అన్నరు మంత్రిగారు, మా ఆయన భుజాల మీద శాలువా కప్పుకుంట. "లోపలికి వచ్చిననాడు ఈయనకు మగ్గమంటే ఏందో తెల్వదు."

మీసాలు రాకముందు నుంచి మగ్గం మీదున్న మా ఆయన తల వంచుకున్నడు. వినయం గూడ వచ్చిందని మంత్రిగారు చప్పట్లు కొట్టిండ్రు.

మీటింగ్ అయిపోంగనే జైలర్ సాబ్ కాడికి పోయిన.

"ఇగ పంపియ్యుండ్రి సాబ్."

"వచ్చే వారం ఢిల్లీ టీం వస్తది, బెహన్. మగ్గం నడవాలె. మీ మగ్గాల ఖాతాలల్ల రివాజు ఏంది? బద్లీ మనిషి వచ్చి మిషన్ మీద చెయ్యి పెట్టేదాక కారీగర్ గేటు దాటడు. అవునా కాదా?"

"అవును సాబ్, గదైతే ఖాతాల..."

"మీ రివాజును మేం గౌరవిస్తం. బద్లీ రాంగనే పంపిస్తం."

"జైలుకు బద్లీ యెట్లొస్తడు సాబ్?"

"మందిరం" అని సరిదిద్దిండు. "పని వచ్చినోళ్లు ఎవలన్న ఉన్నరా మీ దిక్కు?"

"మా లింబాయత్ గల్లీల ఏ తలుపు కొట్టినా కారీగరే సాబ్" అన్న, జర గొప్పగనే.

ఆయన ఆ మాటనే ఎవలికో ఫోన్ చేసి చెప్పిండు. పని మీద అంత శ్రద్ధ!

సోమారం పొద్దుగాల మా గల్లీల జీపు ఆగింది. మామూలు బట్టలల్ల ఇద్దరు దిగి, "కారీగర్ కావాలె! రూమ్ ఫ్రీ, తిండి ఫ్రీ!" అని పిలిచిండ్రు. గసొంటి పిలుపుకు మా దగ్గర ఏ ఖాతా అని ఎవలూ అడుగరు. అడిగేలోపట ఇంకోడు ఎక్కుతడు. సేఠ్ పనిల నుంచి తీసేసినంక ఇంట్లనే కూసున్న మా తమ్ముడు పరుశురాం, చెప్పులు సుత ఏసుకోకుండ ఉరికి అందరికన్న ముందుగాల ఎక్కిండు.

"డ్యూటీ ఎంతసేపు భాయ్?" అని అడిగిండు.

"బద్లీ వచ్చేదాక" అన్నడు ముంగట కూసున్నాయన.

"అక్కా, పక్కా నౌకరీ!" అని తమ్ముడు చెయ్యి ఊపిండు. పిల్ల చెయ్యి పట్టుకొని నేనూ ఊపిచ్చిన.

పొద్దుమూకేసరికి ఉమాకాంత్ ఇంటికొచ్చిండు. సంకల మంత్రిగారి శాలువా. రుచిత ఆయన మొకం దిక్కు జర సేపు చూసి, ఉరికి కాళ్లకు చుట్టుకుంది. నాకు పానం లేసొచ్చింది.

"బద్లీ దొరికిండన్నట్టు! ఎవలొచ్చిండ్రు?" అని అడిగిన.

ఆయన వంగి, గడప కాడున్న పరుశురాం చెప్పులు తీసి లోపల పెట్టిండు.