లోకకల్యాణార్థం ఒక లేజర్

“ముఖసౌందర్యం మాయ! మనస్సౌందర్యమే శాశ్వతం!” అని గుండ్లపోచంపల్లిలోని తమ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసులో ఫణిభూషణ్ సెలవిచ్చినప్పుడు, చప్పట్లు కొట్టనిది ఆయన భార్య హరిచందన ఒక్కతే.

ఎలా కొడుతుంది? ఆ ప్రవచనం పుట్టింది ఆవిడ నోట్లోంచే! హరిచందన నవ్వితే పళ్ళకంటే చిగుళ్ళు కాస్త ఎక్కువ కనబడతాయి. శామీర్‌పేటలో ఎవరో లేజర్‌తో సరిచేస్తున్నారని విని, వెళ్ళొస్తానని మొగుణ్ణి అడిగింది. “దేవుడిచ్చిన నవ్వుకి రిపేరా? ఛీ!” అన్నాడాయన. అంతటితో ఊరుకోక, ఇంటి గొడవని ఊరికి ఉపదేశం చేశాడు.

ఆ ఉపదేశానికి కరిగిపోయిన జనం ఆయన్ని అసోసియేషన్‌కి అధ్యక్షుణ్ణి చేసేశారు. సెక్రటరీ దేవేందర్ ఉత్సాహం పట్టలేక గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఫణిభూషణ్ నిండుగా నవ్వుతున్నాడు. మామూలు మొహం మీద ఎవరికీ ఆనని లోపం, గోడంత మొహం మీద ఎక్కడ దాక్కుంటుంది? అత్వెల్లి నుంచి పాలు తెచ్చే గౌరయ్య బండి ఆపి, తలెత్తి చూశాడు.

“మస్తుగుంది సారూ! గని గిదేంది? పండ్లకంటె ముందుగాల చిగుళ్ళే నమస్తే పెడుతున్నయ్!”

ఆ పూట ఫణిభూషణ్ కాఫీ పక్కన పెట్టేశాడు. అద్దం ముందు నిలబడి ముసిముసిగా నవ్వాడు, హుందాగా నవ్వాడు, పెద్దమనిషిలా నవ్వాడు. ఏ నవ్వు నవ్వినా చిగుళ్ళే అధ్యక్షత వహించాయి!

మర్నాడు ఆఫీసుకని బయల్దేరిన కారు తిన్నగా శామీర్‌పేటలో ఆగింది.

“కోత లేదు, కుట్లు లేవు,” అన్నాడు డాక్టర్ భానుతేజ. “మత్తుమందిచ్చి, ఎక్కువైన చిగురుని లేజర్‌తో కొంచెం దిద్దుతాం. కాకపోతే కొన్నాళ్ళు కారం వద్దు, వేడి వద్దు. పెదవులు సాగదీసి నవ్వొద్దు.”

పని ఇట్టే అయిపోయింది. చిక్కంతా ఇంటి గుమ్మంలో మొదలైంది. నోరు తెరిస్తే పెళ్ళాం చూస్తుంది! ఫణిభూషణ్ ఒక కాగితమ్ముక్క మీద గబగబా రాసి చూపించాడు: “లోకకల్యాణార్థం మౌనవ్రతం. చల్లటి పెరుగన్నం మాత్రమే.”

‘లోకం సంగతేమోగాని, ఇంటికి మాత్రం కల్యాణమే!’ అనుకుంది హరిచందన.

అపార్ట్‌మెంట్లు అట్టుడికిపోయాయి. కారం విడిచిన అధ్యక్షుడు! లిఫ్టు చెడిపోయిందని తిట్టిపోయడానికొచ్చినవాళ్ళు, ఆయన బిగించిన పెదవులు చూసి దండం పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయారు. గౌరయ్య గడ్డపెరుగు ఊరికే ఇచ్చి కాళ్ళు మొక్కాడు. పక్కనే కూర్చుని హరిచందన గోంగూర పచ్చడి కలుపుకుంటుంటే, లోకకల్యాణం కోసం ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

చిగుళ్ళు మానాయి. వ్రతం ముగిసిందని సభ పెట్టారు.

“ఇగ మన ప్రెసిడెంట్ సాబ్ నోరు తెరుస్తడు!” అని దేవేందర్ మైకులో కేక పెట్టాడు. దండ పడింది, శాలువా పడింది. ఫణిభూషణ్ లేచి, కొత్త నవ్వు ఒకటి సభకు సమర్పించాడు. హాలు హాలంతా అబ్బురపడింది.

“మొకంల తేజస్సు సూడుండ్రి! గదీ తపస్సంటె!” అన్నాడు దేవేందర్.

అప్పుడొచ్చాడు ముఖ్య అతిథి. ఉచిత దంత శిబిరం పెడతాడన్న ఆశతో దేవేందర్ పిలిచిన డాక్టరు. చూస్తే భానుతేజ! స్టేజి ఎక్కుతూనే ఆయన అధ్యక్షుడి గడ్డం పట్టుకుని, పైపెదవి ఎత్తి చూశాడు.

“భేష్! ఎంత బాగా మానింది! కారం ముట్టలేదు కదూ? చిగుళ్ళకి లేజర్ చేయించుకున్నారంటే ఎవరైనా నమ్ముతారా?”

ఎదురుగా మైకుంది. ఆ మాట గేటు దాకా వినిపించింది.

“అంటె... గది తపస్సు గాదా?” అన్నాడు దేవేందర్ నీరసంగా.

హరిచందన లేచి, నిదానంగా స్టేజి ఎక్కి, మైకు అందుకుంది.

“డాక్టరుగారూ, రేపు నాకూ కాస్త టైమివ్వండి. ఏమండీ, మీకేమైనా అభ్యంతరమా?”

ఫణిభూషణ్ నోరు తెరిచాడు. మాట రాలేదు. ఈసారి వ్రతమేమీ లేదు మరి!

“మౌనం అర్ధాంగీకారం,” అంది హరిచందన. “మిగతా సగం అర్ధాంగిది!”

అని చిగుళ్ళన్నీ కనబడేలా పకపకా నవ్వింది.