మూడు పంక్తుల ఓణం

ఓణం పండగలో పెద్దరోజు, తిరువోణం నాటి ఉదయం సుకుమారన్ మాష్ మూడు అట్టముక్కల మీద మూడు మాటలు రాశాడు: వాతం, పిత్తం, కఫం. ఊరి గ్రంథాలయంలో ఆ రోజు విందు. విందయ్యాక చేతులెత్తి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం ఆనవాయితీ. బడిపంతులుగా రిటైరైనప్పటినుంచి, పదకొండేళ్ళుగా మాష్ ఆ కుర్చీ మీదే కన్నేసి ఉన్నాడు. ఈసారి విందు బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నాడు.

కిందటి నెల, మందులూ పథ్యాలూ పట్టే వానల నెల కర్కాటకంలో, ఆయన కేశవన్ వైద్యర్ దగ్గరికి వెళ్ళాడు. మీది పిత్త శరీరం, పులుపూ కారమూ మానండి అన్నాడు వైద్యర్. మానగానే ఇరవయ్యేళ్ళ గుండెమంట తగ్గింది. అక్కడితో ఆగితే బాగుండేది. అప్పటినుంచి కనబడ్డవాడి మణికట్టల్లా పట్టుకుని నాడి చూడటం మొదలుపెట్టాడు. చివరికి ఊరందరికీ ఎవరి శరీరానికి తగ్గట్టు వాళ్ళకి వడ్డించి, ఆ మెప్పుతో కుర్చీ ఎక్కాలని తీర్మానించుకున్నాడు. వాతం వాళ్ళకి నెయ్యి, రెండుసార్లు పాయసం. పిత్తం వాళ్ళకి ఊరగాయ ఉండదు. కఫం వాళ్ళకి పాయసమే ఉండదు, మిరియాల రసంతో సరి.

భార్య విలాసిని కొబ్బరి తురుముతూ అంతా విన్నది.

"ఓణం పూట పాయసం పెట్టకుండా ఓటెలా అడుగుతారు మాష్?"

"శాస్త్రం తెలిస్తే వాళ్ళే వేస్తారు. నువ్వు కొబ్బరి సంగతి చూడు."

ఆవిడ కొబ్బరి సంగతే చూసింది. నాలుగు కాయలు ఎక్కువే తురిమింది.

గ్రంథాలయం గుమ్మంలో మాష్ కుర్చీ వేసుకుని పరీక్ష పెట్టాడు. నిద్ర పడుతుందా, చెమట పడుతుందా అని అడిగి, అందరూ వింటుండగా పొద్దున్న విరేచనం సాఫీగా అయిందా అని కూడా అడిగాడు. రిటైరైన పోస్టుమాస్టరమ్మ జవాబు చెప్పకుండా కఫం పంక్తిలోకి విసవిసా నడిచిపోయింది. బక్కవాళ్ళు వాతానికి, ఎర్ర మొహాలు పిత్తానికి, కాస్త ఒళ్ళున్నవాళ్ళు కఫానికి వెళ్ళారు. ఆ చివరి లెక్కేమిటో కఫం వాళ్ళకి పక్కవాళ్ళని చూడగానే అర్థమైంది.

ఆకులు పరిచారు, అన్నం పెట్టారు. పాయసం బకెట్ కఫం పంక్తి దాకా వచ్చి వెనక్కి తిరిగింది. కిందటిసారి మాష్‌కి చెయ్యెత్తనివాళ్ళనే ఇక్కడ కూర్చోబెట్టాడని ఒకరన్నారు. కాదు, పుస్తకాలు తిరిగివ్వనివాళ్ళనని ఇంకొకరు సరిదిద్దారు. ఈలోగా పిత్తం పంక్తి ఊరగాయ కోసం లేచి నిలబడింది. మాష్ శాస్త్రం వివరించినకొద్దీ గొడవ పెరిగింది.

అప్పుడు వాతం పంక్తిలోంచి చాత్తుణ్ణి తాత లేచాడు. ఎనభై దాటిన కల్లుగీత మనిషి. ఒకప్పుడు కులానికో పంక్తి వేసి పెట్టే ఆ ఊళ్ళో, అందరితో ఒకే పంక్తిలో కూర్చున్నందుకు తన్నులు తిని, ఈ గ్రంథాలయం కట్టినవాళ్ళలో ఆయన తండ్రి ఒకడు.

"మాష్, మా నాయన వీపు వాచింది ఈ పంక్తులు చెరపడానికే. మళ్ళీ నువ్వెందుకు వేశావు?"

"నీకు రెండుసార్లు పాయసం పోయించాను కదా తాతా?"

"అందుకే లేచాను."

ఆకును రెండు చేతులా ఎత్తుకుని వెళ్ళి ఆయన కఫం పంక్తిలో కూర్చున్నాడు. మాష్‌కి తల కొట్టేసినట్టయింది. దిక్కుతోచక వైద్యర్ వైపు తిరిగాడు. కఫం పంక్తి చివర వైద్యర్ మిరియాల రసం ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు.

"ఇది మీరు చెప్పిందే కదా వైద్యరే?"

"నేను చెప్పింది మీకు, అదీ కర్కాటకం నెలకి. ఇది చింగం, పండగ నెల. ముందు నాకు పాయసం పొయ్యమనండి."

విలాసిని వెనక గదిలోంచి ఇంకో పెద్ద కంచు ఉరుళి నిండా పాయసం మోయించుకొచ్చి, గరిటె తనే పట్టుకుని కఫం పంక్తి మొదటినుంచి వడ్డించింది. పోస్టుమాస్టరమ్మకి రెండు గరిటెలు పోసింది. పిత్తం వాళ్ళకి ఊరగాయా వచ్చింది. తిన్నవాళ్ళందరూ ఆకులు తమవైపు మడిచి, కడుపు నిండిందని చూపించారు.

అధ్యక్షపదవికి చాత్తుణ్ణి తాత ఒక్క పేరే చెప్పాడు: విలాసిని. చేతులన్నీ లేచాయి. మాష్ అటూ ఇటూ చూశాడు. పదకొండేళ్ళుగా కన్నేసిన కుర్చీ వంకా చూశాడు. ఆపైన విలాసిని తనకీ ఆకు వేసి పోసిన పాయసం వంక చూసుకుని, అందరికన్నా ఆఖరున తనూ చెయ్యెత్తాడు.

ఆ సాయంత్రం కొత్త అధ్యక్షురాలు భర్త నాడి చూసి, పిత్తం రేగినప్పుడు చన్నీళ్ళలో పని మంచిదని చెప్పి, పాయసం అడుగంటిన ఉరుళులు రెండూ తోమడానికి బావి దగ్గర పెట్టించింది.